‘చేరాక’ వంచాలా, ‘చేరేసరికి’ ఒరగాలా?

సందేహం: నేను కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే రాకెట్ల ఆట ఆడుతుంటాను. కొత్తగా ఆడేవాళ్ళ కోసం తెలుగులో సూచనలు రాస్తూ, గ్రావిటీ టర్న్ (నిలువుగా లేచిన రాకెట్ గురుత్వాకర్షణ సాయంతో క్రమంగా పక్కకు ఒరుగుతూ కక్ష్య వైపు సాగే పద్ధతి) గురించి “రాకెట్ 10 కిలోమీటర్ల ఎత్తు చేరాక 45 డిగ్రీలు వంచాలి” అన్నాను. ‘చేరాక’ కాదు, ‘చేరేసరికి’ అనాలంటాడు మా స్నేహితుడు. రెండూ ఒకటే కదా? గ్రావిటీ టర్న్‌ను ‘గురుత్వ మలుపు’ అనవచ్చా?

సమాధానం: ఒకటి కావు. మీ స్నేహితుడి మాటే సరి.

“వాన తగ్గాక బయల్దేరదాం” అంటే తగ్గేదాకా కదలమని అర్థం. ముందు పని ముగిస్తేనే రెండో పని మొదలవుతుంది. “నేను స్టేషన్‌కు వెళ్ళేసరికి రైలు కదిలిపోయింది” అన్నప్పుడు అలా కాదు. నేను చేరే వేళకే రెండో పని జరిగిపోయింది. ‘ఆక’ గీత గీసి ఆ గీత దాటాక మొదలుపెట్టమంటుంది, ‘ఏసరికి’ ఆ గీత దగ్గరికి పూర్తయి ఉండాలంటుంది.

ఇప్పుడు మీ వాక్యాన్ని అక్షరాలా పాటించే ఆటగాణ్ణి ఊహించుకోండి. 10 కిలోమీటర్ల దాకా రాకెట్‌ను నిట్టనిలువుగా పంపాడు. అక్కడ ఒక్కసారిగా ముక్కును 45 డిగ్రీలు తిప్పాడు. ముక్కు పక్కకు తిరిగింది గానీ రాకెట్ ఇంకా పైకే దూసుకుపోతోంది. గాలి ఇక ముక్కుకు కాదు, ఒంటికి అడ్డంగా కొడుతుంది. రాకెట్ పల్టీ కొట్టినా కొట్టవచ్చు. కొట్టకపోయినా, అప్పటిదాకా కాల్చిన ఇంధనంలో చాలా భాగం గురుత్వాకర్షణతో నేరుగా పెనుగులాడటానికే పోయింది. కక్ష్యలో నిలవాలంటే ఎత్తొక్కటే చాలదు, అడ్డంగా వేగం కావాలి. ఆ ఆటలోని కెర్బిన్ గ్రహం చుట్టూ తక్కువ ఎత్తులో తిరగడానికే సెకనుకు 2,200 మీటర్లకు పైగా కావాలి. మీ ఆటగాడికి 10 కిలోమీటర్ల దగ్గర అడ్డంగా ఉన్న వేగం దాదాపు సున్నా.

మీ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. 2015 ఏప్రిల్‌లో 1.0 వెర్షన్ రాకముందు ఆ ఆటలో గాలి లెక్క వేరుగా ఉండేది. కింది పొరలు మరీ చిక్కగా ఉండేవి. నిలువుగా 10 కిలోమీటర్లు దాటించి అప్పుడు 45 డిగ్రీలు వంచమని ఆటగాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అప్పటికి ‘చేరాక’ సరైన మాటే. 1.0లో గాలి లెక్క మారింది, పద్ధతీ మారింది. అంకెలు దాదాపు అవే మిగిలాయి, మారాల్సింది ప్రత్యయం.

అయితే ‘చేరాక’ కొట్టేసి ‘చేరేసరికి’ పెడితే సరిపోదు. “చేరేసరికి వంచాలి” అంటే చెవికి ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే ‘వంచాలి’ అప్పుడు చేయాల్సిన పనిని చెబుతుంది. ‘చేరేసరికి’ అడిగేది అప్పటికి కుదిరి ఉండాల్సిన స్థితిని. “10 కిలోమీటర్లు చేరేసరికి రాకెట్ 45 డిగ్రీల దగ్గర ఉండాలి” అనండి. మరి మొదలుపెట్టేది ఎప్పుడు? అక్కడ ‘గానే’ కావాలి: “వేగం సెకనుకు 100 మీటర్లు అందుకోగానే ముక్కును తూర్పుకు 5 డిగ్రీలు ఒరిగించండి.” ‘అందుకున్నాక’ అంటే ఆ తర్వాత ఎప్పుడైనా ఫరవాలేదనుకునే వీలుంది. ‘గానే’ ఆ సందు ఇవ్వదు. ఆ అంకెలు రాకెట్ బలాన్నిబట్టి కాస్త అటూ ఇటూ అవుతాయనుకోండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. “5 డిగ్రీలు ఒరిగించండి” అన్నచోట పొరపాటున “5 డిగ్రీలకు” అని రాయకండి. ‘5 డిగ్రీలు’ ఎంత కదిలించాలో చెబుతుంది, ‘5 డిగ్రీలకు’ ఎక్కడికి తేవాలో చెబుతుంది. ఆటలో నావ్‌బాల్, అంటే రాకెట్ ముక్కు ఎటు ఉందో చూపే గోళం, నిలువును 90గా, దిగంతాన్ని సున్నాగా చూపిస్తుంది. కాబట్టి 5 డిగ్రీలు ఒరిగించడమంటే 85 డిగ్రీలకు తేవడం. 5 డిగ్రీలకు తెస్తే రాకెట్ నేలకు దాదాపు సమాంతరంగా పడుకుంటుంది. ఒక్క ‘కు’తో ప్రయోగం ముగిసిపోతుంది. 45 దగ్గర మాత్రం ఎటునుంచి కొలిచినా ఒకటే కనుక ఈ చిక్కు బయటపడదు.

ఇక ‘వంచు’. కొమ్మ వంగుతుంది, నడుం వంగుతుంది, అంటే ఆకారమే మారుతుంది. స్తంభం ఒరుగుతుంది, నిటారుతనం పోయినా తాను తిన్నగానే ఉంటుంది. రాకెట్ ఒరగాలి, వంగకూడదు. ఆ ఆటలో పొడవాటి రాకెట్లు అతుకుల దగ్గర నిజంగానే వంగి ఊగిపోతుంటాయి కనుక ఈ తేడా పాటించడం మరీ అవసరం.

‘ఒరిగించు’, ‘ఒరుగు’ అనే జంటలో గ్రావిటీ టర్న్ కిటుకంతా ఉంది. మొదటి 5 డిగ్రీలు ఆటగాడు ఒరిగిస్తాడు. ఆ తర్వాత గురుత్వాకర్షణ రాకెట్ వెళ్ళే దిక్కును కొద్దికొద్దిగా కిందికి లాగుతూ పోతుంది. ముక్కును ప్రోగ్రేడ్ గుర్తు మీద, అంటే వెళ్తున్న దిక్కులోనే, ఉంచితే చాలు, రాకెట్ తనంతట తానే ఒరుగుతుంది. మొదటి వాక్యంలో సకర్మకం, రెండో వాక్యంలో అకర్మకం వాడితే కొత్తవాళ్ళు అదేపనిగా మీటలు నొక్కుతూ టెన్షన్ పడరు.

‘మలుపు’ నాకు నచ్చలేదు. మలుపు దారిలో ఒకచోట ఉంటుంది, అక్కడికి వెళ్ళి తిరుగుతాం. మీ పాత వాక్యంలోని పొరపాటే ఆ మాటలోనూ ఉంది. ‘గురుత్వ వంపు’ అనండి. వంగేది మార్గం కనుక వంపు దానికి అతుకుతుంది, పొడుగునా సాగేదన్న భావమూ వస్తుంది. మాటల్లో మాత్రం గ్రావిటీ టర్న్ అనే అనండి, ఆడేవాళ్ళందరికీ తెలిసిన పేరది. సూచనల్లో మొదటిసారి రెండు పేర్లూ పక్కపక్కన రాసి, తర్వాత ‘వంపు’ అంటే సరిపోతుంది.