పూతరేకు దగ్గరే ఆగిపోకు

చిరంజీవికి ఆశీస్సులు.

గ్రాఫైట్ పొరల మధ్య వేరే పదార్థాలు చేరడం గురించి గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. పెన్సిల్ ములుకులో ఉండే నల్లని కార్బన్, ఆ గ్రాఫైట్‌ను పూతరేకుతో పోల్చిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. పొర మీద పొర, సందున మరో పదార్థం. మన పాఠకుడికి ఇట్టే బొమ్మ కడుతుంది. అయితే ఆ పోలిక చెల్లని చోటు నుంచి నువ్వు ముందుకు సాగలేదు.

పూతరేకు చుట్టే మనిషి రేకు పరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడుస్తుంది. గ్రాఫైట్ పొరలను అలా విప్పిపెట్టేవారు లేరు. వచ్చే పదార్థమే అంచుల నుంచి దూరి, పొరలను ఎడం చేసుకుంటూ లోపలికి పోవాలి. పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లు. పొటాషియం చేరితే అది సుమారు 0.54 అవుతుంది, నల్లని గ్రాఫైట్ కంచు రంగుకు తిరుగుతుంది. అంత అందమైన మార్పును ఎలా వదిలేశావు? పొటాషియం తగ్గితే సందు విడిచి సందు నిండుతుంది. ఏ పూతరేకులోనూ లేని క్రమం అది.

'లోహపు ఆక్సైడ్లు పొరల మధ్య చేరతాయి' అని రాశావు. ఏ ఆక్సైడ్లు? పొడి సున్నమూ ఆక్సైడే. అందులో అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు, అన్ని వైపులా గట్టిగా పట్టుకుని ఉంటాయి, విడిపడి వేరే చోట దూరవు. క్రోమియం ట్రయాక్సైడ్ వేరు. 197 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, ఎలక్ట్రాన్ల కోసం ఆబగా ఉంటుంది. పొటాషియం గ్రాఫైట్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చి చోటు సంపాదిస్తుంది. ఎలక్ట్రాన్లు పుచ్చుకునే గుణమున్నవీ అలాగే చేరగలవు. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే కథకు ప్రాణం, నీ వ్యాసంలో దానికి ఒక్క వాక్యమైనా లేదు.

ఇంకో మాట. క్రోమియం ట్రయాక్సైడ్ నిజంగా పొరల మధ్యకు చేరిందా, పైపైన అంటుకుని ఉందా అని 1970లలోనే రసాయన శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. తూకం పెరిగినంత మాత్రాన తేలదు, ఎక్స్-రేలలో పొరల ఎడం పెరిగినట్టు కనబడాలి. ఆ తగవును పాఠకుడి ముందు పెట్టు. వ్యాసం బలహీనపడుతుందని భయపడకు.

నీ కాగితం అంచున పెన్సిల్‌తో గీసి, వేలితో రుద్దాను. వేలికి బూడిదరంగు మెరుపు అంటింది. పొరలు జారడమంటే అదే. అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆదివారం ఉదయం బెజవాడ లెనిన్ సెంటర్‌లో, పాత పుస్తకాల దుకాణాల దగ్గర ఉంటాను. తిరగరాసింది తీసుకుని రా. ఇద్దరం కూర్చుని చదువుదాం.