అత్తగారి సీసా ఆవిడకిచ్చెయ్

చిన్నీ,

నువ్వు ఈస్ట్రోజన్ హార్మోన్ బిళ్ళలు మొదలుపెడుతున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగానే ఉంది. ముట్లుడిగే వయసులో ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముతుంటే మేం కొంగుతో విసురుకుంటూ నెపం పొయ్యి మీదకి తోసేవాళ్ళం. నువ్వు డాక్టరు ముందు కూర్చుని నోరు విప్పి అడిగావు. కానీ థైరాయిడ్ గ్రంథి మందగిస్తే పెరిగే ఆ టీఎస్‌హెచ్ 6.4 వచ్చిందని మీ అత్తగారి థైరాయిడ్ సీసాలోంచి రోజుకో బిళ్ళ వేసుకుంటున్నావట! అది విన్నాక నాకింక నిద్ర పట్టలేదు.

ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఒంటికి అందుబాటులో ఉన్న థైరాయిడ్ హార్మోన్, మామూలుగానే ఉందిగా? అయితే గ్రంథి కాస్త మందగించింది, అంతే. రెండు మూడు నెలలాగి మళ్ళీ చేయిస్తారు, కొందరికి దానంతటదే దిగుతుంది. 10 దాటితేనే మామూలుగా మందు గురించి గట్టిగా ఆలోచిస్తారు. ప్రొటీన్‌కి అంటుకున్నది కూడా కలిపి లెక్కేసే టోటల్ టీ4 చూసి మురిసిపోకు, ఈస్ట్రోజన్ మింగేవాళ్ళకి అది ఎక్కువే చూపిస్తుంది.

నా సంగతి విను. గర్భసంచి తీసేశాక నాకు ఈస్ట్రోజన్ బిళ్ళలిచ్చారు. అప్పటికే థైరాయిడ్‌కి 50 మైక్రోగ్రాములది వేసుకుంటున్నా. ఆ డాక్టరు అడగలేదు, నేను చెప్పలేదు. మింగే ఈస్ట్రోజన్ వల్ల రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ని పట్టి ఉంచే ప్రొటీన్ పెరుగుతుంది. నాలా బిళ్ళ మీద బతికేవాళ్ళకి ఒంటికి అందేది తగ్గుతుంది. మూడు నెలలకి టీఎస్‌హెచ్ 8కి ఎక్కింది. నేనేం చేశాను? రెండు మింగాను. వారంలో నీరసం పోలేదని మూడు. ఆ సంక్రాంతికి అరిసెల పాకం పడుతుంటే గరిటె చేతిలో నిలవలేదు. గుండె దడదడ. అవీ ఆవిర్లేలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. చివరికి మీ పెదనాన్నే నాడి పట్టి చూసి బండి తీశారు. టీఎస్‌హెచ్ 0.02! మందు మరీ ఎక్కువైపోయిందన్నమాట. "డోసు మార్చాక ఆరు వారాలైనా ఆగాలమ్మా" అంది అక్కడి డాక్టరమ్మ.

గుండె సర్దుకుంది. నా భయమంతా ఎముకల గురించే. మీ అమ్మమ్మ బాత్రూంలో జారి తుంటి విరిగి మంచాన పడటం నీ కళ్ళారా చూశావు కదే. థైరాయిడ్ మందు మోతాదు మించితే ఎముక గుల్లబారుతుంది. ఈస్ట్రోజన్ ఒక చేత్తో కాపాడుతుంటే నేను రెండో చేత్తో తవ్వుకున్నాను.

ఒంటికి రాసుకునే జెల్లో, అంటించుకునే పట్టీయో అయితే థైరాయిడ్‌తో ఈ పేచీ పెద్దగా ఉండదు. నీకు కుదురుతుందేమో అడుగు. అత్తగారి బిళ్ళ వేసుకున్న సంగతి కూడా దాచకుండా చెప్పు. జుట్టు కోసం మింగే బయోటిన్ విటమిన్ బిళ్ళ పరీక్షకి రెండు రోజుల ముందే ఆపు, లెక్కలు తారుమారు చేస్తుంది. రేపు డాక్టరే థైరాయిడ్ బిళ్ళ రాస్తే పరగడుపునే వేసుకో. కాఫీ కనీసం అరగంటాగి, కాల్షియం నాలుగు గంటలాగి.

కోప్పడ్డానని మూతి ముడుచుకోకు. శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నా. పోయినేడాది రిపోర్టులు కూడా వెతికి పెట్టు, ఇద్దరం కలిసే వెళ్దాం.

మీ పెద్దమ్మ