పార్కుల్లో సిబ్బందికీ మనకూ మాటామాటా ఎందుకు పెరుగుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆదివారం పిల్లలతో విశాఖలోని ఒక వినోద పార్కుకు వెళ్లారు. చాలాసేపు క్యూలో నిల్చున్నాక, పడవలా ఊగే కొలంబస్ రైడ్ దగ్గర ఆపరేటర్ మీ అబ్బాయిని చెయ్యి పట్టి పక్కకు లాగి, ఎత్తు చాలదంటూ అందరి ముందూ కసిరాడు. మీరూ ఊరుకోలేదు, పెద్ద గొడవ అయింది. డబ్బు కట్టి వచ్చినవాళ్ల మీద వీళ్లకు అంత దురుసుతనం ఎందుకు, అతని మీద ఫిర్యాదు చేసి ఉద్యోగం తీసేయించాలా అని అడిగారు.

నేను ఈ ఊళ్లోనే ఒక ప్రైవేటు పార్కులో కొన్నేళ్లు పనిచేశాను. మొదట రైడ్ ఆపరేటర్‌గా, తర్వాత షిఫ్టు సూపర్‌వైజర్‌గా. అక్కడి గొడవలకు మూలం ఎవరి స్వభావంలోనో ఉందని నేను అనుకోను. "కుదరదు" అని చెప్పే పనిని అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషికి అప్పగిస్తారు. ఆ మాట అనడం తప్ప ఇంకేమీ చేసే అధికారం అతనికి ఉండదు. టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వలేడు. మీ అబ్బాయిని ఇంకో రైడ్‌కు ముందు వరుసలో పంపలేడు. మీటల ముందు నుంచి కదిలి వచ్చి మీతో నిదానంగా మాట్లాడనూ లేడు. ఎదుట మీరు, మీ వెనక వందమంది. అతని దగ్గర మిగిలింది గొంతు ఒక్కటే.

ఎత్తు సంగతే తీసుకోండి. సీట్లో కూర్చున్నాక తొడల మీదికి దిగే ఇనుప బార్ ఉంటుంది కదా, పక్కన తండ్రి కూర్చుంటే అది తండ్రి తొడల దగ్గరే ఆగిపోతుంది. పిల్లవాడికీ బార్‌కూ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. పడవ ఒక కొసకు లేచి కిందికి తిరిగేటప్పుడు ఒళ్లు తేలిపోయినట్టు అనిపించే క్షణం ఒకటి వస్తుంది. పిల్లవాడు ఆ ఖాళీలోంచి జారిపోయేది అప్పుడే. తండ్రి చెయ్యి అడ్డుపెట్టి ఆపగలిగే వేగం కాదది. అందుకే వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. ఈ కారణం మీకు ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండరు. ఎందుకంటే చాలామంది ఆపరేటర్లకే అది ఎవరూ చెప్పరు. "గీత కన్నా పొట్టిగా ఉంటే ఎక్కించకు" అంతవరకే వాళ్లకు శిక్షణ. కారణం తెలియని మనిషిని ఎందుకని నిలదీస్తే రెండోసారి అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్తాడు.

చాలా పార్కుల్లో టికెట్ ధర కూడా ఎత్తును బట్టే ఉంటుంది. గేటు దగ్గర పిల్లవాడిని కాస్త మోకాళ్లు వంచి నిలబడమనే తల్లిదండ్రులే రైడ్ దగ్గర మునివేళ్ల మీద నిలబడమనడం నేను ఎన్నోసార్లు చూశాను. అందువల్ల పార్కు నష్టపోయే డబ్బు గురించి నాకు బెంగ లేదు. ఆ పిల్లవాడు రెండు చోట్లా అమ్మానాన్నల ముఖాలే చూస్తుంటాడు. చివరికి గొలుసు అవతల నిలబడి ఏడ్చేది వాడే.

మా దగ్గర ఈ తగాదాలు తగ్గింది సిబ్బందికి మర్యాద పాఠాలు చెప్పడం వల్ల కాదు. ఎత్తు కొలిచే కర్రను రైడ్ ముందు నుంచి తీసి గేటు దగ్గర పెట్టాం. టికెట్ కొనేటప్పుడే పిల్లలను కొలిచి, ఎత్తును బట్టి వేరువేరు రంగుల పట్టీలు చేతికి కట్టేవాళ్లం. ఏ రంగు పట్టీ ఉన్నవాళ్లు ఏ రైడ్ ఎక్కవచ్చో క్యూ మొదట్లోనే బోర్డు ఉండేది. గంటసేపు ఎండలో నిలబడ్డ కుటుంబానికి చిట్టచివర "కుదరదు" అని చెప్పడం ఎంత మృదువుగా చెప్పినా క్రూరమే. అదే మాట గేటు దగ్గర వింటే ఎవరికీ అంత కోపం రాదు.

ఆర్కే బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామిలోకి మీరు వెళ్లే ఉంటారు. లోపల దారి ఎంత ఇరుకో తెలుసు. తల వంచండి, దాన్ని ముట్టుకోకండి, ముందుకు కదలండి అని అక్కడా అడుగడుగునా చెప్తూనే ఉంటారు. అయినా అవమానపడి బయటికి వచ్చినవాళ్లను నేను చూడలేదు. అక్కడ మార్గదర్శకులుగా ఉండేది నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లు. ఏది ఎందుకో వాళ్లకు క్షుణ్ణంగా తెలుసు, మీరు కాలు పెట్టకముందే చెప్తారు.

గొంతు గురించి కూడా ఒక మాట. మోటారు పక్కన రోజంతా నిలబడేవాడు అరిస్తే తప్ప ఎవరికీ వినిపించదు. కొన్ని నెలలకు ఆ స్థాయి అలవాటైపోతుంది. రైడ్ ఆగి ఉన్నప్పుడూ అదే గొంతు. పైగా మన ఊరికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. ఆనందపురం నుంచో తగరపువలస నుంచో పనికి వచ్చే కుర్రాడికి వచ్చిన హిందీ నాలుగు ముక్కలు: కూర్చో, ఆగు, జరుగు, దిగు. మర్యాదగా అడగడం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు. మే నెలలో రేకుల కప్పు కింద మన ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. 1955లో అనహైమ్‌లో తెరిచిన డిస్నీల్యాండ్‌లో ఉద్యోగులను కాస్ట్ మెంబర్లు అంటారు. జనం కంటపడే చోటంతా వాళ్లకు వేదిక. కానీ వేదిక వెనక జనానికి కనిపించని ప్రాంతం కూడా ఉంటుంది, అక్కడ కాసేపు ముఖం దించుకుని కూర్చోవచ్చు. మన దగ్గర నవ్వుతూ ఉండాలన్న నియమాన్ని మాత్రమే తెచ్చుకున్నారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకోవడానికి ఒక గది కోసం మేం చాలాకాలం అడగవలసి వచ్చింది.

రైడ్ మధ్యలో ఆపేసినప్పుడు ఆపరేటర్‌ను తిట్టడం మాత్రం నాకు ఇప్పటికీ సహించదు. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును ఎంత త్వరగా తినేస్తుందో కిటికీ ఊచలు మార్పించుకున్న విశాఖవాసి ఎవరినైనా అడగండి. రోజూ జనం రాకముందే మెకానిక్‌లు బోల్టులు, అతుకులు చూసి, ఖాళీ రైడ్‌ను తిప్పి, పుస్తకంలో సంతకం చేయాలి. పగలు తేడాగా శబ్దం వినిపిస్తే ఆపరేటర్ వెంటనే ఆపాలి, గాలి పెరిగినా ఆపాలి. 2019 జూలైలో అహ్మదాబాద్‌లోని కాంకరియా సరస్సు పక్కనున్న పార్కులో లోలకంలా ఊగే రైడ్ నడుస్తుండగానే విరిగి పడింది. ఇద్దరు చనిపోయారు. అందుకే అనుమానం వచ్చి ఆపినవాడిని "చేతకాకపోతే ఇంట్లో కూర్చో" అన్న పెద్దమనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ తిట్లకు భయపడి రేపు ఇంకో కుర్రాడు ఆపడానికి సందేహిస్తాడు.

సిబ్బంది వైపు తప్పు లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. నీటి ఆటల దగ్గర నేను చూసినవి చాలా బాధపెట్టాయి. నూలు బట్టలు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, వాటి పోగులు ఊడి ఫిల్టర్లలో చేరతాయి. చీర కొంగు, చున్నీ జారుడుబల్ల అతుకుల్లో చిక్కుకోవచ్చు, అలల కొలనులో కాళ్లకు చుట్టుకోవచ్చు. కాబట్టి నైలాన్ బట్టలే వేసుకోవాలన్న నియమం సరైనదే. కానీ కార్తీక మాసంలో, సంక్రాంతి సెలవుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చే కుటుంబాల్లో అరవై దాటిన ఆడవాళ్లు ఉంటారు. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప వేరేది కట్టి ఎరగరు. అలాంటి ఒకామె కొలను మెట్టు మీద కాలు పెట్టగానే ఒక కుర్రాడు విజిల్ ఊది, చీరతో దిగకూడదు, పోయి బట్టలు మార్చుకో అని మైకులో కేకేశాడు. ఈతకు దిగినవాళ్లంతా తిరిగి చూశారు. ఆమె ఒక్క మాట అనకుండా ఒడ్డున కూర్చుండిపోయింది. కొడుకు వచ్చి ఆ కుర్రాడి మీదికి వెళ్లాడు. చెయ్యి ఎత్తడం తప్పే, కానీ అతని కోపాన్ని నేను తప్పు పట్టలేను.

ఆ పెద్దామెకు ఈ సంగతి టికెట్ దగ్గరే ఒక మహిళా ఉద్యోగి చెప్పవలసింది. "అమ్మా, లోతు నీళ్లలోకి ఈ నైలాన్ బట్టలతోనే పంపిస్తాం. మీకు ఇష్టం లేకపోతే కాళ్లు తడుపుకునే చోటు అటు ఉంది, నీడ కూడా ఉంటుంది" అంటే చాలు. మనవలు ఆడుకుంటుంటే ఆమె సంతోషంగా కూర్చునేది. సంచులు వెతికే చోటా ఇదే తీరు. బయటి తిండి లోపలికి వద్దనడం పార్కు నిర్ణయం, సరే. తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర డబ్బాను బల్ల మీదికి విసిరినట్టు పెట్టమని ఏ నియమమూ చెప్పలేదు. దాన్ని భద్రపరిచి, చీటీ ఇచ్చి, తినాలనిపించినప్పుడు గేటు బయట కూర్చుని తిని మళ్లీ లోపలికి రావచ్చు అని చెప్పే పార్కులో ఆ గొడవ పుట్టదు.

సందర్శకులు చేసేదీ చెప్పాలి. చిటిక వేసి పిలవడం, తండ్రి వయసున్న ఊడ్చే మనిషిని ఏకవచనంలో సంబోధించడం, ఎవరో నాయకుడి పేరు చెప్పి వరుస తప్పించమనడం, ముఖం మీద ఫోను పెట్టి వీడియో తీస్తూ ఇప్పుడు మాట్లాడు అనడం. వీటిని సిబ్బంది భరిస్తారు, సాయంత్రానికి మరిచిపోతారు కూడా. ఆడపిల్లల విషయం వేరు. టికెట్ కౌంటర్‌లో, రైడ్ల దగ్గర పనిచేసేవాళ్లు చాలామంది ఇరవై ఏళ్లు దాటీ దాటనివాళ్లు. అడగకుండా ఫొటోలు తీయడం, బెల్టు పెట్టేటప్పుడు కావాలని చెయ్యి తగిలించడం, నంబరు అడుగుతూ కౌంటర్ వదలకపోవడం మామూలైపోయాయి. వాళ్లలో ఒకమ్మాయి ఒక గుంపుతో కటువుగా మాట్లాడిందని ఫిర్యాదు వస్తే, ముందు ఆమెను సంజాయిషీ అడిగారు. వాళ్లు ఏం చేశారని ఆమెను ఎవరూ అడగలేదు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టడానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చేవాళ్ల నుంచి కూడా ఉద్యోగినిని కాపాడవలసింది యజమానే. పది మందికి తగ్గకుండా పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయిలకూ ఇది వర్తిస్తుంది. ఈ సమాధానం చదివేవాళ్లలో అలాంటి ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఉంటే, కమిటీ ఎక్కడుందో రేపే అడగండి.

ఇక మీ ఫిర్యాదు సంగతి. చెయ్యండి. మీ అబ్బాయిని చెయ్యి పట్టి లాగాడన్నారు, అది స్పష్టంగా రాయండి. పిల్లల ఒంటి మీద అలా చెయ్యి వేయకూడదు, దాని మీద విచారణ జరగాలి. తేదీ, సమయం, రైడ్ పేరు రాసి పార్కు కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఈమెయిల్ పంపితే ఇంకా మంచిది. రైడ్ దగ్గర వాదించినదంతా ఆ క్యూలోనే ఆవిరైపోతుంది, రాసిందానికి ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి. ఎత్తు నియమం టికెట్ దగ్గర చెప్పకుండా పూర్తి ధర తీసుకుని ఉంటే, అది సేవాలోపం అని కూడా రాయండి. పార్కు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా, మీరు చెల్లించినది 5 లక్షల రూపాయల లోపే కాబట్టి రుసుము ఉండదు.

ఉద్యోగం తీసేయమని మాత్రం అడగకండి. అతన్ని తీసేస్తే ఎల్లుండి అదే మీటల ముందు, అదే శిక్షణతో, ఇంకో కుర్రాడు నిలబడతాడు. దానికి బదులు ఎత్తు కొలిచే కర్రను క్యూ మొదట్లో పెట్టమనండి. ఎత్తు చాలని పిల్లలకు ఇంకో రైడ్ ముందుగా ఎక్కే చీటీ ఇచ్చే అధికారం ఆపరేటర్‌కు ఇవ్వమనండి. మళ్లీ వెళ్లేటప్పుడు మీ అబ్బాయి ఎత్తు ఇంట్లోనే కొలుచుకుని, ఏయే రైడ్లకు సరిపోతాడో డబ్బు కట్టకముందే కౌంటర్‌లో అడగండి. కొలంబస్ ఇంకా కుదరదని తేలితే ఆ మాట వాడికి మీరే, క్యూలో నిలబడకముందే చెప్పండి.