ట్రాన్స్‌ఫర్ కేసు విప్పే ముందు

రాయగడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సెమిలిగుడలో నువ్వు షెడ్డు తెరిచినప్పటి నుంచి దేవమాలి కొండకు జనాన్ని తీసుకెళ్లే ఫోర్‌వీల్ జీపులు ఎక్కువగా వస్తున్నాయనీ, వాటిలో రెండింటి ట్రాన్స్‌ఫర్ కేసులు, అంటే గేరుబాక్సు శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టెలు, నిన్ను ఇబ్బంది పెడుతున్నాయనీ మీ అమ్మ చెప్పింది. ఇది ఫోనులో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మొదట నా వల్ల జరిగిన తప్పు చెబుతాను. చాలా ఏళ్ల క్రితం పొట్టంగి ఘాటు వైపు నుంచి ఒక జీపు వచ్చింది. ఫోర్‌వీల్‌లో పడిన లివరు వెనక్కి రావడం లేదు, మలుపు తిప్పితే బండి ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఆగి ఆగి కదులుతోంది. నేను పెట్టె దించి, గేర్లు, వాటిని జరిపే ఫోర్కు, బేరింగులు ఒక్కొక్కటిగా రెండు రోజులు చూశాను. లోపల ఏ లోపమూ కనబడలేదు. చివరికి బండి కింద నుంచి లేచి నిలబడ్డాక గమనించాను, వెనక టైర్లు రెండూ కొత్తవి, ముందువి గీతలు కూడా మిగలకుండా అరిగిపోయినవి. ఆ యజమానికి రెండు రోజుల కిరాయి పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కారణం తెలుసుకో. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండిలో, అంటే అవసరమైనప్పుడే ఫోర్‌వీల్ వేసుకునే దానిలో, ముందు, వెనక చక్రాల వైపు తిప్పుడును మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరిగేలా ఈ పెట్టె బిగించేస్తుంది. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం నడవాలి. బురదలోనైతే టైరు కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది, ఎండిన తారు మీద జారదు కనుక ఆ మెలిక అంతా షాఫ్టుల్లో పేరుకుని లివరును పట్టేస్తుంది. టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా ఇదే జరుగుతుంది. అందుకని లివరు బిగుసుకున్న బండి రాగానే దాన్ని తిన్నగా కొన్ని మీటర్లు వెనక్కి నడిపి చూడు. వదిలితే పెట్టె జోలికి పోనక్కరలేదు. స్విచ్చుతో ఫోర్‌వీల్ పడే బండ్లలో ఫ్యూజు, వైరింగు, షిఫ్ట్ మోటారు చూసిన తరువాతే పానా పట్టుకో.

శబ్దం వచ్చినా అంతే. షాఫ్టు చివర జాయింట్‌లోని క్రాసు అరిగినా బండి కదిలేటప్పుడు దెబ్బ వినిపిస్తుంది కనుక, చక్రాలకు అడ్డాలు పెట్టి, షాఫ్టును చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి వదులు ఎక్కడుందో చూడు. షాఫ్టు విప్పవలసి వస్తే కలిసే రెండు ఫ్లాంజిల (బిగింపు పళ్లేల) మీదా రంగుతో గుర్తు పెట్టు, తిరిగి అదే వాటంలో బిగించకపోతే లేని వణుకు కొత్తగా వస్తుంది. ఫోర్‌వీల్‌లో ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రమే పళ్లు దాటినట్టు కటకట వినిపిస్తే పెట్టెలోని చైను సాగి ఉంటుంది. మారుతి జిప్సీ పెట్టెలో చైను ఉండదు, అన్నీ గేర్లే. లో గేరులో లివరు బయటికి దూకుతుంటే ఫోర్కు, దాని స్ప్రింగు, బాలు అనుమానించు, కానీ అంతకంటే ముందు పెట్టె కింది మౌంటింగ్ రబ్బర్లు కుంగాయేమో చూడు.

అన్నిటికన్నా ఎక్కువ సంగతులు చెప్పేది ఆయిలే. డ్రెయిన్ ప్లగ్ కంటే ముందు ఎప్పుడూ ఫిల్లర్ ప్లగ్ విప్పు. ఆయిల్ అంతా దించేశాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి కదలడానికి లేక అక్కడే నిలిచిపోతుంది. దించిన ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద పోసి ఎండలో చూడు. అయస్కాంతానికి సన్నని బూడిద రంగు ముద్ద అంటుకోవడం మామూలే, కానీ సూది ముక్కల్లాంటి ఇనుము కనిపిస్తే గేరో బేరింగో చెక్కుకుపోతున్నట్టు. పాలు కలిసిన టీ రంగు ఉంటే నీళ్లు చేరాయి: వేడెక్కిన పెట్టె వాగులో దిగి ఒక్కసారిగా చల్లబడినప్పుడు బ్రీదర్ అనే గాలి గొట్టం గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది, మన వైపు వానాకాలంలో ఇది తరచుగా చూస్తావు. ఆ బ్రీదరే మట్టితో మూసుకుపోతే లోపలి వేడిగాలికి దారి లేక సీలు దగ్గర ఆయిల్ కారుతుంది, అప్పుడు ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలవవు. గేరుబాక్సుకు నేరుగా బిగించిన పెట్టెల్లో ఒకదానిలో ఆయిల్ తగ్గి రెండోదానిలో పెరిగితే మధ్య సీలు పోయిందని నిశ్చయించుకో. సీలు మార్చేటప్పుడు అది రాసుకునే చోట గోరు పెట్టి తడిమి చూడు. గాడి తగిలితే ఆ యోకు (సీలులో తిరిగే షాఫ్టు చివరి ముక్క) మార్చాలి, లేదా స్లీవు వేయాలి.

నిజంగా విప్పవలసి వస్తే, పెట్టెను జాకీ మీదే దించు, ఒంటరిగా ఎత్తవద్దు. షిమ్ములను, అంటే సందు సరిచేసే పలుచని రేకులను, తీసిన వరుసలోనే తీగకు గుచ్చి ఉంచు. షాఫ్టు మీదికి బేరింగు ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి; బయటి రింగు మీద కొడితే లోపలి గుండ్లు రింగుల దారిలో గుంటలు పెడతాయి, కొత్త బేరింగే మోత పెడుతుంది.

మీ అమ్మ చెప్పిన రెండో జీపును, ఆ మోత పెట్టేదాన్ని, ఇంకా విప్పకు. దాని ఆయిల్ చిన్న సీసాలో పోసి, అయస్కాంతానికి అంటుకున్నదాన్ని తెల్ల గుడ్డలో చుట్టి, రాయగడ బస్సులో పంపు. నాలుగు టైర్ల చుట్టుకొలతలు టేపుతో కొలిచి ఒక చీటీ మీద రాసి వాటితోనే పెట్టు.

మామయ్య