మిగిలింది అత్తగారొక్కరే ఎందుకు తినాలి?

ప్రశ్న: నాకు ముప్పై మూడేళ్లు. మధురవాడలో ఉంటాం. మావారు, నేను ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఆరేళ్ల బాబు. మామగారు పోయాక, ఏడాది కిందట అత్తగారు శ్రీకాకుళం జిల్లాలోని పల్లె నుంచి మా దగ్గరకు వచ్చేశారు. ఆవిడ ఒక్క మెతుకు పారేయరు. రాత్రి మిగిలిన అన్నం గిన్నె పొయ్యి గట్టు మీదే ఉంచేసి, పొద్దున తిరగమోత వేసి బాబుకి పెడతారు. పోయిన నెల వాడికి వాంతులయ్యాయి. నిల్వ అన్నం వల్ల కావచ్చని డాక్టరు అన్నారు. ఆ కోపంలో ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ, ముందురోజు ఆవిడ చేసిన చేపల పులుసుతో సహా, ఆవిడ ముందే చెత్తబుట్టలో పోసేశాను. అప్పటి నుంచి ఆవిడ మాతో కూర్చుని తినడం లేదు. మేం తిన్నాక వంటింట్లో నిలబడి మిగిలినవి తింటున్నారు. అది చూస్తే కోపం, ఏడుపు రెండూ వస్తాయి. మావారేమో "అమ్మ అంతే, నువ్వే సర్దుకో" అంటారు. వంటింట్లోకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. ఏం చేయాలి?
ఓ సోదరి, విశాఖపట్నం

జవాబు: ముందు బాబు సంగతి చెప్పుకుందాం. అన్నం విషయంలో మీ భయం న్యాయమైనదే. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మక్రిమి బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. రాత్రంతా గిన్నె బయట ఉంటే ఆ వెచ్చదనానికి మొలకెత్తి విషపదార్థం తయారుచేస్తాయి. పొద్దున ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. తిరగమోత వేస్తే వాసన బాగుంటుంది కానీ, అన్నం మంచిదైపోదు. అందుకని మిగిలిన అన్నాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. వైజాగ్ ఎండాకాలపు ఉక్కలో అయితే గంటలోపే పెట్టేయాలి. వెడల్పాటి పళ్లెంలో పరిస్తే త్వరగా చల్లారుతుంది. మర్నాడే తినేయాలి. తినేటంత మాత్రమే తీసి, ఆవిరి వచ్చేదాకా ఒక్కసారి వేడిచేయాలి. ఈ విషయంలో మీరు వెనక్కి తగ్గొద్దు.

చేపల పులుసు మాత్రం మీరు పారబోయాల్సింది కాదు. ముందురోజు చేసింది, ఫ్రిజ్‌లో ఉంది. శుభ్రంగా తినొచ్చు. పైగా మన ఉత్తరాంధ్రలో చేపల పులుసు రెండో రోజే రుచి. చింతపండు పులుపు ముక్కకు బాగా పట్టేది అప్పుడే కదా. ఆవిడ దాన్ని మీ అందరి కోసం దాచి ఉంటారు. మీరు పోసింది పులుసే అయినా, ఆవిడకు తన చేతి వంటను బుట్టలో వేసినట్టు అనిపించి ఉంటుంది. కోపం బాబు కోసం వచ్చింది నిజమే, కానీ అది వెళ్లి తగిలింది ఆవిడకు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. "మేం తిన్నాక వంటింట్లో నిలబడి మిగిలినవి తింటున్నారు" అని రాశారు. ఇది పోయిన నెల మొదలైన అలవాటు కాదమ్మా. మీరు చూడటం పోయిన నెల మొదలైంది. మా అమ్మ కూడా అలాగే తినేది. అందరికీ వడ్డించి, చివర్లో కూర గిన్నెలోనే ఇంత అన్నం వేసుకుని, గిన్నె తుడిచినట్టు కలుపుకునేది. నిన్నటి అన్నం ఆమెది, నేటి అన్నం మాది. మేమెవరం దాన్ని వింతగా చూడలేదు. నాకు పెళ్లయి, నేనూ అదే పని చేస్తూ ఉండగా ఒకరోజు తెలిసింది. ఇంట్లో మిగిలిందంతా ఒక ఆడమనిషి వాటా అని మనం మాటల్లో చెప్పకుండానే తీర్మానం చేసేశాం. మీ అత్తగారు బతుకంతా ఆ వాటాతోనే గడిపి ఉంటారు. అందుకే మీరు మిగిలింది పారేస్తే, ఆవిడకు తన కంచం లాగేసినట్టుంటుంది. దీన్ని పిసినారితనం అనుకోకండి.

ఇంకో సంగతి కూడా చూడండి. అసలు ఇంత ఎందుకు మిగులుతోంది? మీ ఇంట్లో బియ్యం ఎవరు కొలుస్తారు? నలభై ఏళ్లు తవ్వ, సోల లెక్కన పెద్ద ఇంటికి వండిన చెయ్యి ఆవిడది. ఆ లెక్కలో మీ మామగారి పిడికెడు ఇప్పటికీ ఉండి ఉండొచ్చు. పోయిన మనిషికి వండటం మానేయమని ఎవరైనా ఆవిడకు చెప్పగలరా? అందుకని "ఎక్కువ వండకండి" అని ఆజ్ఞలా అనొద్దు. "అత్తయ్యా, మన నలుగురికీ ఎన్ని గ్లాసులో కలిసి చూద్దామా" అని పక్కన నిలబడి అడగండి. మామగారి మాట వస్తే రానివ్వండి. ఆ రోజు వంట ఆలస్యమైనా పరవాలేదు.

ఆవిడ అసలు ఆందోళన తప్పు కూడా కాదు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఇచ్చిన నివేదిక ప్రకారం, మన దేశంలో ఇళ్లలో ఒక్కో మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతోంది. తొక్కలు, ఎముకలు కలిపి వేసిన అంచనా అది. అలా చూస్తే నలుగురున్న ఇంట్లో 220 కిలోలు. మన 25 కిలోల బియ్యం బస్తాలైతే దాదాపు తొమ్మిది. మనం బుట్టలో వేసిందంతా బండెక్కి కాపులుప్పాడ డంపింగ్ యార్డు దారి పడుతుంది. మెతుకు పారేయని మనిషి ఇంట్లో ఉండటం అదృష్టమే. ఆవిడకు మీరు తోడు కావాలి.

ఈ మాట అంటుంటే నాకు హుద్‌హుద్ గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12న తుపాను ఊరిని కొట్టేశాక కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫ్రిజ్‌లు చచ్చాయి. మా అపార్ట్‌మెంటులో ఎవరింట్లో ఏముందో అన్నీ బయటకు తీశారు. పాలు, దోసెపిండి, కూరగాయలు, పైవాళ్ల వంజరం ముక్కలు. పాడయ్యేలోపే వండేసి, కొవ్వొత్తుల వెలుగులో వరండాలో వరుసగా కూర్చుని తిన్నాం. మిగిలింది ఎవరిది అన్న ప్రశ్నే రాలేదు. మీ ఇంట్లో నేను కోరేది అదే. మిగిలింది నలుగురూ తినాలి, అది కూడా భోజనంలో మొదటి ముద్దగా.

మీ వారికి ఈ పేజీ చూపించండి. ఆయనకు నా మాట ఇది: "అమ్మ అంతే" అనడం తేలిక. మీ కంచంలో ఎప్పుడూ వేడి అన్నమే ఎందుకు పడుతోందో ఒకసారి ఆలోచించండి. రాత్రి భోజనమయ్యాక అన్నం, కూరలు ఫ్రిజ్‌లో సర్దే పని మీది. కూర మూడు రోజులు దాటనివ్వొద్దు. ఆదివారం ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్లేముందు ఫ్రిజ్ తెరిచి ఏముందో చూసి వెళ్లండి. అమ్మను తీసుకెళ్లండి. రోజంతా ఫ్లాట్‌లో ఉండే ఆవిడకు నలుగురి ముఖాలు చూసినట్టూ ఉంటుంది.

మీరు అత్తగారిని అడగాల్సింది సలహా. నిన్నటి పప్పును చారుగా సాగదీయడం, పులిసిన దోసెపిండితో పునుగులు, మిగిలిన ఇడ్లీతో ఉప్మా, పుల్లటి పెరుగుతో మజ్జిగపులుసు... ఈ విద్యలు ఆవిడకు వెన్నతో పెట్టినవి. చద్దన్నం కూడా. అన్నాన్ని ఊరికే గట్టు మీద వదిలేయడం వేరు, గోరువెచ్చని అన్నంలో కాచిన పాలు పోసి, చెంచాడు మజ్జిగతో తోడుపెట్టడం వేరు. తోడుకున్న అన్నంలో పులుపు పెరుగుతుంది. ఆ పులుపులో చాలా క్రిములు ఎదగలేవు. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని మీరు, మీవారు తినండి. జిగురుగా ఉన్నా, వాసన తేడాగా ఉన్నా మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. బాబుకు కొన్నాళ్లు వేడి అన్నమే పెట్టండి, ఎందుకో డాక్టరు మాటగా అత్తగారికి వివరంగా చెప్పండి. మనవడి కడుపు కంటే అన్నం ఎక్కువనుకునే మనిషిలా ఆవిడ నాకు అనిపించడం లేదు.

ఈలోగా క్షమాపణ బాకీ ఉంది. "అత్తయ్యా, ఆ రోజు పులుసు పారబోయడం నా తప్పు" అని ఒక్క ముక్క చెప్పండి. తరవాత "కానీ" అనకండి. బాబు వాంతుల మాట ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు.

ఈ శనివారం మీవారిని జాలారిపేట పంపించి మంచి చేప తెప్పించండి. పులుసు ఆవిడనే పెట్టమనండి. రాత్రి సగం తినండి. మిగతా సగం చల్లారగానే ఆవిడ చూస్తుండగా మీ చేతులతోనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం బాగా మరగబెట్టి, నాలుగు కంచాలు పెట్టండి. మొదటి కంచం ఆవిడది. ఆవిడ వచ్చి కూర్చునేదాకా మీరెవరూ కలపకండి.