కారు మానేయాలా, చీకటి ప్రయాణం మానేయాలా?

ప్రశ్న: నా వయసు 69. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాము. తరచూ కారులో విజయవాడ పటమటలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి వస్తుంటాను. ఈ మధ్య ఎదురుగా వచ్చే లారీల లైట్లకు కొన్ని క్షణాలు ఏమీ కనిపించడం లేదు. మా అబ్బాయి ఇక కారు ముట్టుకోవద్దంటున్నాడు. మానేయవలసిందేనా?

జవాబు: కారు పూర్తిగా మానేయవలసిన పని ప్రస్తుతానికి లేదు, రాత్రిపూట నడపడం మాత్రం కంటి వైద్యుణ్ణి కలిసేదాకా ఆపివేయండి. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చీకట్లో మునుపటంతగా విప్పారదు కనుక లోపలికి చేరే వెలుతురు తగ్గుతుంది. దానికి శుక్లం కూడా తోడైతే ఎదుటి వాహనాల కాంతి కంట్లో చెదిరిపోయి చూపును కప్పివేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. మీరు చెప్పిన ఆ కొన్ని క్షణాలు మూడు సెకన్లే అనుకున్నా, 50 మీటర్ల దూరం దారి చూడకుండా నడిపినట్లే. మధ్యలో డివైడరు ఉన్న జాతీయ రహదారి మీదే ఇలా ఉంటే, ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా వచ్చే దారిలో ఇంకెలా ఉంటుందో ఆలోచించండి.

శుక్లమే కారణమైతే శస్త్రచికిత్సతో చాలామందికి ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. నీటికాసులు (గ్లాకోమా) ఉన్నాయేమో కూడా చూడమని డాక్టరును అడగండి; అవి నొప్పి తెలియకుండా పక్కచూపును హరిస్తాయి, బోర్డు మీది అక్షరాలు చదివినంత మాత్రాన బయటపడవు. రాత్రి డ్రైవింగుకని అమ్మే పసుపు కళ్లద్దాలు మాత్రం కొనకండి, అవి ఉన్న వెలుతురునే తగ్గిస్తాయి.

కళ్లతోపాటు మందుల సంగతీ చూసుకోవాలి. జలుబుకు, నిద్రకు మాత్రలు వేసుకుంటే ఆ మత్తు మర్నాటి దాకా ఉండవచ్చు. దారిలో రక్తంలో చక్కెర పడిపోవచ్చు కనుక ఇన్సులిన్ వాడేవారు భోజనం వాయిదా వేసి బయలుదేరకూడదు.

మీ అబ్బాయితో వాదించే బదులు, ఒకరోజు పగటిపూట పక్కన కూర్చోబెట్టుకొని బెంజిసర్కిల్ దాకా నడపండి. లేన్ మారేటప్పుడు మెడ తిప్పి చూస్తున్నారా, బ్రేకు ఆలస్యంగా వేస్తున్నారా అన్నది పక్కవారికే బాగా తెలుస్తుంది.

లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. 55 ఏళ్లు దాటినవారికి రెన్యువల్ ఐదేళ్లకే ఇస్తారు, దానికి ఫారం 1ఏ వైద్య ధ్రువపత్రం కావాలి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. ఆ ఫారం మీద డాక్టరు సంతకం వైద్య పరీక్ష లేకుండానే సంపాదించేవారు లేకపోలేదు. మీరు మాత్రం కళ్లు నిజంగా చూపించుకున్న డాక్టరు చేతే దానిని పూర్తి చేయించండి.