తాజా అంజీర పండ్లు ఎలా తినాలి, ఒంటికి ఎంతవరకు మంచివి?

ఎండు అంజీర్ మాత్రమే తిన్నామని, తాజా పండును ఎలా ఎంచుకోవాలో, తొక్క తీయాలో వద్దో తెలియడం లేదని, ఆరోగ్యానికి రెండింటిలో ఏది మేలని అడిగారు. సీజన్ వచ్చిందంటే నేను వేరే పండు జోలికి పెద్దగా వెళ్లను కాబట్టి చెప్పగలను.

అసలు కిటుకంతా పండు ఎంపికలోనే ఉంది. అంజీర అరటిలా కోశాక ఇంట్లో మగ్గే పండు కాదు. చెట్టు నుంచి కోసేసరికి ఎంత తీపి పట్టిందో దాదాపు అంతే. ఇంట్లో ఉంచితే మెత్తబడుతుంది గానీ తీపి పెరగదు. అందుకే గట్టిగా, నున్నగా మెరిసే పండ్లను నేను తీసుకోను. తొడిమ దగ్గర మెడ కాస్త వాలి, తొక్క మీద సన్నటి పగుళ్లు విచ్చుకుని, అడుగున ఉండే చిన్న కన్ను దగ్గర జిగురు రసం బొట్టుగా ఊరుతూ ఉంటే అదే అసలైన పండు. పులిసిన వాసన వస్తే మాత్రం వదిలేయండి. తొడిమ తుంచినప్పుడు తెల్లటి పాలు కారితే ఇంకా పూర్తిగా పండలేదని అర్థం. ఆ పాలు తగిలితే పెదవులు మండుతాయి. చర్మానికి అంటుకుని ఎండ తగిలితే బొబ్బలు కూడా రావచ్చు.

తొక్క తీయక్కర్లేదు. కడిగి, తొడిమ తుంచేసి, వేళ్లతో రెండుగా చీలుస్తాను. అంచున తెల్లటి గుజ్జు, మధ్యలో ఎర్రగా, తడితడిగా పీచు, దాని నిండా పంటి కింద చిటపటలాడే గింజలు. ఫ్రిజ్‌లోంచి తీయగానే తింటే తీపి సగం కూడా తెలియదు, కాసేపు బయట పెట్టండి. ఫ్రిజ్‌లో అయినా రెండు మూడు రోజులకు మించి ఆగవు, కాబట్టి కొంచెం కొంచెంగానే తెచ్చుకోవాలి.

ఇక ఆరోగ్యం. 100 గ్రాముల తాజా అంజీరలో సుమారు 74 కేలరీలు, 3 గ్రాముల పీచు, 16 గ్రాముల చక్కెర, 230 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. మిగతాది చాలావరకు నీరే. ఎండబెడితే నీరు పోయి అన్నీ చిక్కబడతాయి: 100 గ్రాములకు పీచు 10 గ్రాముల దాకా, కాల్షియం 160 మిల్లీగ్రాముల దాకా పెరుగుతాయి, కానీ చక్కెర కూడా 48 గ్రాములకు చేరుతుంది. కాబట్టి కడుపు నిండా తినాలంటే తాజావి, రోజుకు రెండు చాలనుకుంటే ఎండువి అని నా లెక్క. నాకు బాగా తెలిసిన తేడా మలబద్ధకం విషయంలోనే. ఈ పండ్లు తినే రోజుల్లో పొద్దున్నే ఆ ఇబ్బంది ఉండదు. రక్తం పడుతుందని మాత్రం వీటి మీద ఆధారపడకండి. తాజా పండులో ఐరన్ 100 గ్రాములకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు.

షుగర్ ఉన్నవాళ్లు లెక్క చూసుకుని తినాలి. కిడ్నీ సమస్యతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు, రబ్బరు పాలు (లేటెక్స్) అంటే అలర్జీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

లోపల కందిరీగ ఉంటుందన్న భయం చాలామందికి ఉంది. కొన్ని రకాలకు పరాగ సంపర్కం చేసేది నిజంగానే ఓ చిన్న కందిరీగ. కానీ తినడానికి ఎక్కువగా పండించే మామూలు రకాలు దాని అవసరం లేకుండానే కాస్తాయి. పంటికి తగిలేవి గింజలే, నిశ్చింతగా తినండి.